రెండు దూరపు విమానాశ్రయాల మధ్య దూరం, ప్రయాణ సమయం లెక్కించడం ఎలా?

కావలసినవి రెండు విమానాశ్రయాల మూడక్షరాల కోడ్‌లు, ఇంటర్నెట్, కాగితం, పెన్ను. నగరం పేరుతో వెతకవద్దు. టోక్యో అంటే హనేడా కావచ్చు, నరీటా కావచ్చు. ఆ రెంటి మధ్యే దాదాపు 60 కిలోమీటర్లు ఉంది. మనం హనేడా (హెచ్ఎన్‌డీ), లాస్ ఏంజెలెస్ (ఎల్ఏఎక్స్) తీసుకుందాం.

మహావృత్త దూరం (భూగోళం మీద రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దూరం) చూపే ఏ సైటులోనైనా కోడ్‌లు ఇస్తే సుమారు 8,800 కిలోమీటర్లు అని వస్తుంది. నాటికల్ మైళ్లలో వస్తే 1.852తో గుణించండి. గోడ పటం మీద మాత్రం స్కేలు పెట్టకండి. చదును పటం మీద తూర్పుకు తిన్నగా గీసిన గీత దగ్గరిదారిలా కనిపిస్తుంది గానీ, అది కాదు. గ్లోబు మీద హనేడా దగ్గర దారం కొస నొక్కి, రెండో కొసను లాస్ ఏంజెలెస్ వైపు బిగించి లాగండి. దారం దానంతటదే ఉత్తరానికి, అలాస్కా దగ్గరి అల్యూషియన్ దీవుల దిక్కుకు జరుగుతుంది. అదీ అసలు దారి.

ఆ దూరాన్ని గంటకు 900 కిలోమీటర్లతో భాగించి, విమానం పైకి లేవడానికీ కిందికి దిగడానికీ అర గంట కలపండి. పది గంటల పావు దాటి వస్తుంది. ఇది అంచనా మాత్రమే.

ఇక్కడి నుంచి నెమ్మదిగా చేయండి. ఎక్కువ మంది తప్పేది ఇక్కడే. టికెట్ మీద హనేడాలో సాయంత్రం 5కు బయలుదేరి, అదే రోజు ఉదయం 11కు చేరుతుందని ఉందనుకోండి. ఇవి ఏ ఊరి సమయం ఆ ఊరిది. ఒకదానిలోంచి ఒకటి నేరుగా తీసేయకూడదు. రెండు ఊళ్ల తేడా 16 గంటలని పట్టుకుని కలపాలా, తీసేయాలా అని తడుముకునే పద్ధతి కూడా వద్దు. అందులో తేదీ సులువుగా తారుమారవుతుంది. రెండింటినీ యూటీసీలోకి, అంటే ప్రపంచమంతటికీ ఒక్కటే అయిన ప్రామాణిక సమయంలోకి మార్చడమే సరైన దారి.

యూటీసీ కంటే ముందున్న ఊరికి తీసివేత, వెనుక ఉన్న ఊరికి కూడిక. టోక్యో 9 గంటలు ముందు, కాబట్టి సాయంత్రం 5 అంటే ఉదయం 8. లాస్ ఏంజెలెస్ వేసవిలో 7 గంటలు వెనుక, కాబట్టి ఉదయం 11 అంటే సాయంత్రం 6. ప్రయాణం 10 గంటలు.

వేసవిలో అన్నది గుర్తుంచుకోండి. లాస్ ఏంజెలెస్‌లో మార్చి నుంచి నవంబరు వరకు గడియారాలు గంట ముందుకు జరుపుతారు, జపాన్‌లో జరపరు. చలికాలంలో ఆ 7 కాస్తా 8 అవుతుంది, అవే సమయాలకు ప్రయాణం 11 గంటలవుతుంది. ఈ రోజు తేడా కాదు, ప్రయాణించే రోజున ఉండే తేడా చూడండి.

ప్రతి సమయం పక్కనా తేదీ రాయండి. వేసవిలోనే తిరుగు ప్రయాణం లాస్ ఏంజెలెస్‌లో 5వ తేదీ రాత్రి 11కు మొదలై, టోక్యోకు 7వ తేదీ తెల్లవారుజామున 3కు చేరుతుందనుకోండి. యూటీసీలో 6వ తేదీ ఉదయం 6 నుంచి సాయంత్రం 6 వరకు, అంటే 12 గంటలే. పడమటికి వెళ్లేటప్పుడు జెట్ ప్రవాహం (చాలా ఎత్తున పడమర నుంచి తూర్పుకు వేగంగా వీచే గాలి) ఎదురుగాలి అవుతుంది కనుక ఆ రెండు గంటలు ఎక్కువ.

చివరగా ఈ ఫలితాన్ని మొదటి అంచనాతో పోల్చండి. తేడా రెండు గంటలు మించితే మధ్యలో దిగే ఊరుందేమో, చుట్టుదారి ఉందేమో చూడండి. 2022లో ఐరోపా సంఘం విమానాలకు రష్యా గగనతలం మూసుకుపోయాక, తొమ్మిదిన్నర గంటలు పట్టే హెల్సింకి–టోక్యో ప్రయాణం దాదాపు 13 గంటలకు చేరింది. అలాంటి దారిని ముక్కలుగా విడదీసి కొలవాలి.