లేక్ పావెల్‌లో బోటు ఎక్కే ముందు

అమెరికాలో ఆరిజోనా, యూటా రాష్ట్రాల సరిహద్దులో, ఎడారి మధ్య ఎర్రరాతి గోడల నడుమ బోటు షికారు. వెళ్లేముందు ఇవి చూసుకోండి.

• అన్నిటికంటే ముందు టైము. అమెరికాలో వేసవికి గడియారాలు గంట ముందుకు జరుపుతారు, ఆరిజోనాలో మాత్రం మార్చరు. యూటాలోనూ, నవాహో ఆదివాసుల స్వపరిపాలన ప్రాంతం నవాహో నేషన్‌లోనూ గంట ముందుంటుంది. పేజ్ ఊరి దగ్గర ఫోన్ ఏ టవర్ పట్టుకుంటే ఆ టైము చూపిస్తుంది, దాన్ని నమ్మొద్దు. బోటు ఏ టైము ప్రకారం బయల్దేరుతుందో బుకింగ్ అప్పుడే అడిగి రాసుకోండి.

• యాంటిలోప్ కాన్యన్ బోటు టూరు వేరు, ఫొటోల్లో కనిపించే ఇరుకు లోయలో నడక వేరు. నడకకు నవాహో గైడుతో విడిగా టికెట్ తీసుకోవాలి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు ఏది చూపించాలో ముందే తేల్చుకోండి. మోకాళ్ల నొప్పులుంటే బోటే హాయి.

• ఎండ నీటి మీద నుంచి కూడా కొడుతుంది. జులైలో 38 డిగ్రీల దాకా వెళ్లడం మామూలే. నీళ్లు, తాడున్న టోపీ, సన్‌స్క్రీన్.

• జులై నుంచి సెప్టెంబరు దాకా మధ్యాహ్నాలు ఉరుములు, ఈదురుగాలులు రావచ్చు. ఉదయం బోటు మేలు.

• మీరే బోటు అద్దెకు తీసుకుంటే, 12 ఏళ్లు, అంతకన్నా చిన్న పిల్లలకు లైఫ్ జాకెట్ తప్పనిసరి. పెద్దలూ వేసుకోండి, దయచేసి. ఇంజను ఆన్‌లో ఉండగా బోటు వెనక మెట్టు మీద ఎవరినీ కూర్చోనివ్వకండి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ఈ సరస్సులోనే దానివల్ల ప్రాణాలు పోయాయి.

• నీటిమట్టం తగ్గితే బోట్లు నీటిలోకి దించే ర్యాంపులు మూస్తారు. ముందురోజు ఈ సరస్సున్న గ్లెన్ కాన్యన్ పార్కు వెబ్‌సైట్ చూడండి.