గ్నూ ప్రోలాగ్‌ను ఆప్ట్‌కే అప్పగించండి

ప్రోలాగ్ అనే ప్రోగ్రామింగ్ భాష కొత్తగా మొదలుపెట్టేవాళ్లు నా దగ్గరికి వస్తే ముందు ఒక్క మాట చెబుతాను. గ్నూ ప్రోలాగ్ కంపైలర్‌ని, అంటే మీ ప్రోగ్రామ్‌ని మెషీన్ నడిపే రూపంలోకి మార్చేదాన్ని, ఒకసారి సోర్స్ కోడ్ నుంచి, ఇంకోసారి ప్యాకేజీ మేనేజర్‌తో పెట్టుకోవద్దు. ఏదో ఒక దారే ఎంచుకోండి. డెబియన్, ఉబుంటు లినక్స్ వాడేవాళ్లకి ఆ దారి ఆప్ట్ అనే ప్యాకేజీ మేనేజర్. కింద ఆజ్ఞల్ని పలికినట్టు రాస్తున్నాను, టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి.

మొదట సుడో ఆప్ట్ అప్‌డేట్. దీంతో ఏదీ ఇన్‌స్టాల్ అవ్వదు, ఏ ప్యాకేజీ ఏ వెర్షన్‌లో దొరుకుతుందన్న జాబితా తాజా అవుతుంది. తర్వాత ఆప్ట్ పాలసీ జీప్రోలాగ్ (ఆప్ట్‌లో గ్నూ ప్రోలాగ్ పేరు ఇదే) కొట్టి, క్యాండిడేట్ అన్న వరుస చూడండి. మీకు రాబోయే వెర్షన్ అదే. అది చూసుకున్నాక సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ జీప్రోలాగ్. మ్యాక్‌లో హోమ్‌బ్రూ వాడేవాళ్లు పేరు గ్నూ-ప్రోలాగ్ అని కొట్టాలి.

ఇప్పుడు జీప్రోలాగ్ అని కొడితే వెర్షన్ నంబరు, దాని కింద నిలువు గీత, ప్రశ్న గుర్తు, హైఫన్ వస్తాయి. బయటికి రావాలంటే హాల్ట్ అని కొట్టి చుక్క పెట్టాలి. చుక్క మరిచిపోతే అది ఇంకా ఏదో వస్తుందని చూస్తూ కూర్చుంటుంది. చాలామంది అక్కడే కంప్యూటర్ హ్యాంగ్ అయిందని టెన్షన్ పడతారు. చుక్క పెట్టి ఎంటర్ నొక్కండి, చాలు.

అసలు కంపైలర్ పేరు జీపీఎల్‌సీ. ఇది మీ ప్రోగ్రామ్‌ని ముందు వామ్ కోడ్‌గా మారుస్తుంది. వామ్ అంటే 1983లో డేవిడ్ వారెన్ రూపొందించిన ఊహా యంత్రం. దాన్నుంచి చిన్న అసెంబ్లీ భాషకి, అక్కడినుంచి మీ ప్రాసెసర్ అసెంబ్లీకి దింపి, చివర్లో లింక్ చేస్తుంది. అందుకే వచ్చిన ఫైలు ప్రోలాగ్ లేని మెషీన్‌లో కూడా నడుస్తుంది, రెండిట్లో ఒకే రకం ప్రాసెసర్, సిస్టమ్ ఉంటే. నాకు ఇది భలే నచ్చుతుంది.

పరీక్షకి రెండు వరుసల ఫైలు చాలు. మొదటిది ప్రోగ్రామ్ మొదలవగానే మెయిన్‌ని పిలవమని చెప్పే ఇనిషియలైజేషన్ డైరెక్టివ్. రెండోది ఒక మాట ప్రింట్ చేసి హాల్ట్ అయ్యే మెయిన్. హాల్ట్ రాయకపోతే మాట ప్రింటయ్యాక మళ్లీ ఆ ప్రశ్న గుర్తే ఎదురవుతుంది, ఎందుకంటే జీపీఎల్‌సీ మామూలుగా టాప్ లెవెల్‌ని, అంటే ఆ ప్రశ్న గుర్తు చూపించే భాగాన్ని, కూడా కలిపేస్తుంది. అది వద్దనుకుంటే నో-టాప్-లెవెల్ ఆప్షన్ ఇవ్వండి.

ఇక మొదట చెప్పిన మాట దగ్గరికి వస్తాను. ఒకప్పుడు నా ల్యాప్‌టాప్‌లో 1.4.4ని సోర్స్ నుంచి పెట్టుకుని మరిచిపోయాను. చాలా రోజుల తర్వాత ఆప్ట్‌తో 1.4.5 ఎక్కించాను. ఆప్ట్ అంతా సరిగానే ఉందంటుంది, జీప్రోలాగ్ తెరిస్తే మాత్రం 1.4.4 అనే వస్తుంది. తీసేసి మళ్లీ పెట్టాను, మూడుసార్లు. సగం రాత్రి అయిపోయింది. చివరికి విచ్ హైఫన్ ఏ జీప్రోలాగ్ అని కొడితే రెండు వరుసలు వచ్చాయి. పైది యూఎస్ఆర్ లోకల్ బిన్‌లోది, కిందది యూఎస్ఆర్ బిన్‌లోది. టెర్మినల్‌లో ఆజ్ఞల్ని నడిపే షెల్ పైదాన్నే ముందు పట్టుకుంటుంది. లోకల్‌లో ఉన్నది ఆప్ట్ పెట్టింది కాదు కాబట్టి దాన్ని ఆప్ట్ తియ్యదు.

మీకూ ఇలా అయితే, పాత సోర్స్ ఫోల్డర్ ఉంటే అందులోంచి సుడో మేక్ అన్‌ఇన్‌స్టాల్ నడపండి. లేకపోతే లోకల్ కింద వెర్షన్ నంబరుతో ఉన్న జీప్రోలాగ్ ఫోల్డర్‌నీ, బిన్‌లోంచి దానికి వెళ్లే లింకుల్నీ తీసెయ్యండి. ఆ తర్వాత కూడా షెల్ పాత చోటే వెతికి ఫైలు లేదంటే, హ్యాష్ హైఫన్ ఆర్ కొట్టండి, గుర్తుపెట్టుకున్న దారి మరిచిపోతుంది.

ప్రాజెక్టు మధ్యలో వెర్షన్ మారకూడదనుకుంటే సుడో ఆప్ట్-మార్క్ హోల్డ్ జీప్రోలాగ్. అప్‌గ్రేడ్ చేసినా అది కదలదు. పని అయ్యాక అన్‌హోల్డ్ చెయ్యడం మరవకండి. షోహోల్డ్ అంటే ఏవేవి ఆపి ఉంచారో చూపిస్తుంది.

ఇంకో ప్రోలాగ్ అయిన ఎస్‌డబ్ల్యూఐ ప్రోలాగ్ కూడా కావాలంటే పెట్టుకోండి, దాని ఆజ్ఞ ఎస్‌డబ్ల్యూఐపీఎల్ కాబట్టి దీనికి అడ్డు రాదు. గ్నూ ప్రోలాగ్‌ని తీసెయ్యాలంటే సుడో ఆప్ట్ పర్జ్ జీప్రోలాగ్, తర్వాత ఆటోరిమూవ్. మీ హోమ్ ఫోల్డర్‌లో రాసుకున్న ప్రోగ్రామ్‌లని ఆప్ట్ ముట్టుకోదు.