రెండు రెక్కల పాత విమానం ఎగరేయాలా? ముందు ముక్కు చూడండి

ఆర్‌సీ బైప్లేన్ (రేడియో రిమోట్‌తో ఎగరేసే, ఒకదానిపై ఒకటి రెండు రెక్కలున్న మోడల్ విమానం) కొందామనుకోగానే చాలామంది కన్ను సాప్‌విత్ కామెల్ మీదే పడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి విమానం, బొద్దుగా భలే ముద్దుగా ఉంటుంది, కానీ మొదటి మోడల్‌గా మాత్రం వద్దు. అసలు కామెల్‌కి ముందు భాగంలో బరువైన రోటరీ ఇంజిన్ ఉండేది కాబట్టి ముక్కు పొట్టిదైనా సరిపోయింది. మన మోడల్లో ఉండేది తేలికపాటి ఎలక్ట్రిక్ మోటార్ కదా, బ్యాటరీని ఎంత ముందుకు తోసినా తోక బరువే మొగ్గుతుంది, చివరికి ముక్కులో సీసం ముక్కలు అతికించాల్సి వస్తుంది. బరువు పెరిగేకొద్దీ ల్యాండింగ్ స్పీడూ పెరుగుతుంది.

అందుకే నా ఓటు టైగర్ మాత్‌కే. 1931లో బ్రిటన్‌లో తొలిసారి ఎగిరిన ట్రైనర్ ఇది, మన దేశంలోని ఫ్లయింగ్ క్లబ్బుల్లోనూ ఎందరో దీనిమీదే నేర్చుకున్నారు. ముక్కు పొడవు, పైగా ఎలిరాన్లు (విమానాన్ని పక్కకి వాల్చే కదిలే పలకలు) కింది రెక్కకే ఉంటాయి కాబట్టి వైరింగ్ గొడవ తక్కువ. రెక్క ఈ చివర నుంచి ఆ చివరకి మీటరున్నరకి దగ్గరగా ఉంటే మంచిది, మరీ చిన్నవి కొంచెం గాలికే ఊగిపోతాయి. కొనేముందు గ్రౌండ్‌లో రెక్కలు బిగించడానికి ఎన్ని స్క్రూలు తిప్పాలో కూడా అడగండి, ఎందుకంటే అరగంట పట్టే మోడల్ ఎంత అందంగా ఉన్నా ఇంట్లో షోకేస్‌లోనే ఉండిపోతుంది. రెక్కల మధ్య తీగలు కొన్ని కిట్లలో అలంకారానికే, కొన్నిట్లో నిజంగానే బరువు మోస్తాయి. మీది ఏదో మాన్యువల్లో చూసుకోండి.

సీజీ (విమానం ముందుకీ వెనక్కీ ఒరగకుండా సరితూగే చోటు) విషయంలో ఒక తిరకాసు ఉంది. చాలా బైప్లేన్లలో పై రెక్క కింది దానికంటే ముందుకు ఉంటుంది, కాబట్టి మాన్యువల్లోని మిల్లీమీటర్ల కొలత ఏ రెక్క అంచు నుంచో సరిగ్గా చదవండి. బ్యాటరీ పెట్టాకే ఆ చోట సరితూగుతోందో లేదో చూడాలి. మొదటిసారి ముక్కు కాస్త బరువుగా ఉన్నా పర్లేదు, తోక బరువైతే మాత్రం చేతికి దొరకదు.

టేకాఫ్‌కి గడ్డి నేల, ఎదురు గాలి చూసుకుని ఎలివేటర్ (ముక్కుని పైకీ కిందికీ తిప్పే తోక పలక) కాస్త పైకి పట్టి థ్రాటిల్ (మోటార్ పవర్) నెమ్మదిగా పెంచండి. ముక్కు ఎడమకి లాగుతుంది, కుడి రడ్డర్‌తో (ముక్కుని పక్కకి తిప్పే నిలువు తోక పలకతో) ఆపండి. పైకి వెళ్ళాక కూడా ఆ ఎడమ బొటనవేలు ఖాళీగా ఉండకూడదు (రడ్డర్ ఎడమ చేతి స్టిక్‌లో ఉండే మోడ్ 2 రేడియో వాళ్ళకి చెబుతున్నా), ఉత్త ఎలిరాన్‌తో తిప్పితే ముక్కు మలుపుకి ఎదురు దిక్కుకి పోయి, విమానం పక్కకి జారుతూ తిరుగుతుంది, చూడ్డానికే వికారంగా ఉంటుంది.

అసలు టెన్షన్ ల్యాండింగ్ దగ్గరే. ఫోమ్ గ్లైడర్ అలవాటున్నవాళ్ళు దూరం నుంచే థ్రాటిల్ కట్ చేస్తారు, ఇక్కడ అలా చేస్తే రెండు రెక్కలు, కర్రలు, తీగలు అన్నీ గాలికి అడ్డుపడి స్పీడ్ ఒక్కసారిగా పడిపోతుంది, స్టాల్ అవుతుంది, అంటే రెక్కలు ఇక విమానాన్ని మోయలేవు. చక్రాలు నేలని తాకేదాకా కొంచెం పవర్ ఉంచండి. తాకాక కూడా ఎలివేటర్ పైకే పట్టి ఉంచాలి, లేదంటే గడ్డిలో చక్రం తట్టుకుని ముక్కు మీద పడుతుంది, ముందు విరిగేది ప్రొపెల్లరే, స్పేర్‌వి రెండు బాక్స్‌లో పడేసుకుని వెళ్ళండి.