కొత్త క్రైమ్ నవలను పాఠకులకు సూచించడం ఎలా?

క్రైమ్ నవలను సూచించడానికి పుస్తకం పేరు, రచయిత పేరు చెబితే చాలనుకునేవారే ఎక్కువ. ఇతర నవలల కథ ముందే కాస్త తెలిసినా పాఠకుడికి పెద్ద నష్టం ఉండదు. క్రైమ్ నవల విషయంలో ఒక్క మాట నోరు జారితే, రచయిత మూడు వందల పేజీల పాటు ఓపికగా దాచినదంతా బూడిదలో పోసిన పన్నీరవుతుంది. అయినా సూచించేవారిలో చాలామంది ఉత్సాహం పట్టలేక సరిగ్గా ఆ మాటనే ముందుగా అనేస్తూ ఉంటారు.

కావలసినవి

చివరి పేజీ దాకా చదివిన నవల, ఒక చిన్న నోటు పుస్తకం, ఒక పెన్సిలు ఉంటే సరిపోతుంది. సగం చదివిన నవలను సూచించకూడదు. అట్ట వెనుక రాతను నమ్మి సూచించడం అంతకంటే తప్పు, ఎందుకంటే అది పుస్తకం అమ్ముకోవడానికి రాయించినది. నవలను అచ్చు పుస్తకంగానే చదవాలి. తెర మీద చదివినవారికి ఏ సంగతి ఎన్నో పేజీలో వచ్చిందో గుర్తుండదు, కింద చెప్పబోయే పద్ధతికి ఆ గుర్తే ఆధారం.

మొదటి దశ: అది నిజంగా కొత్తదో కాదో చూడాలి

పాత నవలకు కొత్త అట్ట వేసి కొత్త పుస్తకాల వరుసలో పెట్టడం మామూలే కనుక, ప్రచురణ వివరాలున్న పేజీ తెరిచి తొలి ముద్రణ సంవత్సరం చూడాలి. అనువాదమైతే రెండు సంవత్సరాలూ చెప్పాలి. యుకితో అయాత్సుజి ‘డెకాగన్ హౌస్ మర్డర్స్’ జపనీస్‌లో 1987లో వెలువడితే, ఇంగ్లీషులోకి 2015లో వచ్చింది. అది సెల్‌ఫోన్లు లేని కాలంలో, ఒక దీవి మీద చిక్కుకున్న విద్యార్థుల కథ. ఆ మొదటి సంవత్సరం చెప్పకుండా పుస్తకం చేతికిస్తే, వాళ్లు పోలీసులకు ఫోన్ ఎందుకు చేయరని పాఠకుడు ప్రతి అధ్యాయంలోనూ విసుక్కుంటాడు.

రెండో దశ: పాఠకుడిని అడగాలి

‘మీకు ఎలాంటి నవలలు ఇష్టం?’ అని అడగడం దండగ, ఎందుకంటే దానికి అందరూ ఒకే జవాబు చెబుతారు. ఈమధ్య ఏ నవలను సగంలో వదిలేశారో, ఎక్కడ వదిలేశారో అడగాలి. శవపరీక్ష వర్ణన దగ్గర మూసేసినవారికి నెత్తురు పడదు. నూరో పేజీ వచ్చినా రెండో సంఘటన జరగలేదని వదిలేసినవారికి వేగం కావాలి. ఎవరు ఎవరి బంధువో అర్థం కాక ఆపేసినవారికి పాత్రలు తక్కువగా ఉన్న కథ ఇవ్వాలి.

ఆ తరువాత, వారికి కావలసినది ‘ఎవరు చేశారు’ అనే ప్రశ్నా, ‘ఎందుకు చేశారు’ అనే ప్రశ్నా, ‘ఎలా దొరుకుతారు’ అనే ప్రశ్నా అన్నది తేల్చుకోవాలి. నేరాన్ని మొదటే చూపించి, దర్యాప్తును తరువాత నడిపే పద్ధతిని ఆర్. ఆస్టిన్ ఫ్రీమన్ 1912లో తన కథల సంపుటిలోనే ప్రయోగించాడు. కీగో హిగాషినో రాయగా 2005లో జపనీస్‌లో పుస్తకంగా వెలువడిన ‘డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్’లో కూడా హత్య ఆరంభంలోనే పాఠకుడి కళ్లముందు జరుగుతుంది. అటువంటి నవలను ‘హంతకులెవరో కనిపెట్టండి చూద్దాం’ అంటూ చేతికిస్తే, పాఠకుడు ఇరవై పేజీలు తిరగకుండానే మోసపోయానని అనుకుంటాడు.

‘ఇది కొన్నవారు అది కూడా కొన్నారు’ అంటూ అమ్మకపు సైట్లు చూపే జాబితాలు ఈ పని చేయలేవు. కొన్నవారు చదివారో లేదో, చదివితే ఎక్కడ ఆపేశారో వాటికి పట్టదు. ‘ఈ సంవత్సరపు పది ఉత్తమ నవలలు’ వంటి జాబితాల సంగతి వేరే చెప్పనక్కర లేదు. అవి ఎదుటి మనిషిని చూడకుండానే రాసిన మందుచీటీలు.

మూడో దశ: గుట్టు విప్పకుండా చెప్పాలి

ఇక్కడే నూటికి తొంభై మంది పని చెడగొడతారు కనుక, ఈ దశను నిదానంగా చదవాలి.

‘చివర్లో అదిరిపోయే ట్విస్ట్ ఉంది, అంతకుమించి ఏమీ చెప్పను’ అనేవారు తాము గుట్టు కాపాడామని సంబరపడతారు. నిజానికి వారు చెప్పవలసినంతా చెప్పేశారు. ఆ మాట విన్న పాఠకుడు మధ్యలో అరెస్టయినవారిని లెక్కలోకి తీసుకోడు, ఒప్పుకోలు వాంగ్మూలాన్ని నమ్మడు, రచయిత ఎవరిని అనుమానించమంటే వారిని పక్కన పెట్టి మిగిలినవారి మీద కన్నేస్తాడు. అందువల్ల మలుపు ఏమిటన్నదే కాదు, మలుపు ఉందన్న సంగతి కూడా చెప్పకూడదు.

పోలిక రెండో ప్రమాదం. వాతావరణం, వేగం, భాష గురించి మరో నవలతో పోల్చవచ్చు గానీ, కిటుకు గురించి ఎన్నడూ పోల్చకూడదు. అలా పోలిస్తే ఒక్క దెబ్బకు రెండు పుస్తకాలు పాడవుతాయి. 1929లో రోనాల్డ్ నాక్స్ డిటెక్టివ్ కథలకు పది నియమాలు రాశాడు. పరిశోధకుడే నేరస్థుడు కాకూడదన్నది వాటిలో ఒకటి, పాఠకుడిని ముందుగా సిద్ధం చేయకుండా కవలలను తేకూడదన్నది మరొకటి. ఆ జాబితా తెలిసిన పాఠకుడితో ‘ఈ రచయిత నాక్స్ నియమాన్ని భలేగా దాటేశాడు’ అంటే, అతడు పదింటినీ మనసులో తిరగేసి ఏ నియమమో పట్టేయడానికి ఎంతోసేపు పట్టదు.

నియమం ఒక్కటే: నవల మొదటి ఐదో వంతులో జరిగినది మాత్రమే చెప్పాలి. నవల 350 పేజీలదైతే 70వ పేజీ దగ్గర పెన్సిలుతో గీత గీసుకుని, ఆ గీత దాటిన సంగతి ఒక్కటి కూడా నోట రానివ్వకూడదు. సగం దాకా చెప్పవచ్చని వాదించేవారు ఉన్నారు. రెండో హత్య సాధారణంగా సగంలోపే జరుగుతుందని, పోయినది ఎవరో తెలిస్తే అనుమానితుల్లో ఒకరు తగ్గుతారని వారికి తట్టదు. అట్ట వెనుక రాతే ఆ గీత దాటితే, దాన్ని చదవవద్దని ముందే హెచ్చరించాలి.

ఊహకు ఒక నవల తీసుకుందాం. వైద్యుడొకడు కనిపించకుండా పోతాడు. ‘పాపం ఆ భార్య, ఎన్ని కష్టాలు పడుతుందో’ అంటే ఆమెను నిర్దోషిగా వదిలేసినట్టే. ‘భార్యను ఓ కంట కనిపెట్టండి’ అంటే ఆమెను బోనులో నిలబెట్టినట్టే. ‘వైద్యుడు కనిపించకుండా పోయిన నాలుగో రోజు దాకా భార్య పోలీసులకు ఆ మాట చెప్పదు. కథ నెమ్మదిగా నడుస్తుంది, నెత్తురు తక్కువ, సంభాషణలు ఎక్కువ’ అని ఆపేయాలి. క్రియల విషయంలో కూడా జాగ్రత్త అవసరం. ‘చివరికి దొరికిపోయాడు’ అన్నారంటే అనుమానితుల్లో ఆడవారందరినీ మీ నోటితోనే విడుదల చేసినట్టు. ‘చంపినవారు’, ‘దొరికినవారు’ అనడం అలవాటు చేసుకోవాలి.

హింస గురించి మాత్రం దాచకూడదు. పిల్లల మీద దాడి, లైంగిక హింస వంటివి నేరుగా వర్ణించి ఉంటే ఆ మాట తప్పక చెప్పాలి, అయితే ఎవరికి జరిగిందో, ఎప్పుడు జరిగిందో చెప్పకూడదు. ‘ఆ పిల్ల బతుకుతుందా?’ అని పాఠకుడు పట్టుబడితే, అవుననీ కాదనీ అనకుండా ఆ పుస్తకాన్ని వెనక్కి తీసుకుని మరొకటి ఇవ్వడం మేలు.

నాలుగో దశ: వరుస, సంఖ్య

సీరీస్ అయితే మొదటి పుస్తకంతోనే మొదలుపెట్టించాలి. స్వీడిష్ రచయితల జంట శోవాల్, వాలూ 1965 నుంచి 1975 దాకా రాసిన పది మార్టిన్ బెక్ నవలలలో కేసు దేనికదే వేరైనా, ఆ పోలీసు అధికారి సంసారం పుస్తకం నుంచి పుస్తకానికి మారుతూ పోతుంది. ఒకసారికి ఒక్క నవలే సూచించాలి. ఐదు పేర్లు చెబితే పాఠకుడు ఒక్కటీ చదవడు.

ఐదో దశ: మధ్యలో వచ్చే ప్రశ్నలు

పాఠకుడు సగంలో వచ్చి ‘చంపింది ఫలానా వారే కదా?’ అని అడగక మానడు. ఊహ సరైనదైనా, తప్పైనా ‘పూర్తి చేశాక మాట్లాడుకుందాం’ అనే మాటనే, ఒకే గొంతుతో చెప్పాలి. తప్పు ఊహకు నవ్వి, సరైన ఊహకు మౌనం వహించేవారిని పాఠకులు రెండో పుస్తకానికల్లా పసిగడతారు. ఆ ఊహను, అప్పటికి అతడు చేరిన పేజీ సంఖ్యను నోటు పుస్తకంలో రాసుకోవాలి. మొదటి వంద పేజీల్లోనే సరిగ్గా పట్టుకున్న పాఠకుడికి తరువాతి సారి ‘ఎవరు’ అన్న ప్రశ్న మీద నడిచే నవల ఇవ్వకుండా, ‘ఎందుకు’ అన్న ప్రశ్న మీద నడిచేది ఇవ్వాలి.