పిల్లల స్వభావంలో పుట్టుకను, పెంపకాన్ని గమనించే తీరు

చుట్టాలు రాగానే మీ అమ్మాయి తలుపు చాటుకు వెళితే, అంతా మేనత్త పోలికేనని తేల్చేయకుండా, ఆమె ఎవరి ముందు, ఎంతసేపు ముడుచుకుంటుందో కొన్ని వారాలు రాసిపెట్టండి. తిరుపతి గంగజాతరలో బైరాగి వేషాలను చూసి అమ్మ కొంగు పట్టుకున్న పిల్ల, కాసేపటికి వేషం కట్టిన తోటిపిల్లలతో కలిసిపోతే, బెరుకు పుట్టుకతో వచ్చినదైనా తోడును బట్టి సడలుతోందని గ్రహించాలి. అలాంటి తోడును తరచూ కల్పించండి. నలుగురిలో పాడమని బలవంతపెట్టకండి.

కవలలపై యాభై ఏళ్ల అధ్యయనాలను కలిపి చూసిన 2015 నాటి విశ్లేషణలో, మనుషుల మధ్య తేడాలలో సగటున 49 శాతం జన్యువులతో ముడిపడినట్లు తేలింది. అది జనసమూహంలోని తేడాల లెక్క మాత్రమే, మీ బిడ్డ గుణంలో సగం వంశానిదని దాని అర్థం కాదు. చదువుకున్నవారు సైతం ఇక్కడ పొరబడటం నాకు బాధ కలిగిస్తుంది.

జన్యువు తలరాత కాదనడానికి ఫినైల్‌కీటోన్యూరియా (మాంసకృత్తుల్లో ఉండే ఫినైల్‌అలనిన్ అనే పదార్థాన్ని శరీరం విడగొట్టలేని వంశపారంపర్య జబ్బు) గట్టి నిదర్శనం: లోపం పుట్టుకతోనే వచ్చినా, తొలి రోజులనుంచే ఫినైల్‌అలనిన్ తగ్గించిన ఆహారం ఇస్తే బుద్ధిమాంద్యాన్ని చాలావరకు నివారించవచ్చు. మేనరికంలో దంపతులిద్దరూ ఒకే లోపాన్ని మోసే అవకాశం పెరుగుతుంది కనుక, చిత్తూరు ప్రాంతంలో అలాంటి సంబంధం చేసుకున్నవారు కాన్పుకు ముందే ఇలాంటి లోపాన్ని పుట్టిన తొలి రోజుల్లోనే పట్టిచ్చే శిశువు మడమ రక్తపరీక్ష గురించి వైద్యుడిని అడగాలి.