సవన్నాలో ఇద్దరికే రెండు రాత్రులు: పాత ఇన్‌లో గది ఎలా కుదుర్చుకోవాలి?

అట్లాంటాలో మన తెలుగువాళ్లు పెళ్లిరోజుకు ఎక్కడికైనా వెళ్దామనుకుంటే ముందుగా తలచుకునే ఊరు మన జార్జియాలోనే ఉన్న సవన్నా. సుమారు 250 మైళ్లు, నాలుగు గంటల ప్రయాణం. వెళ్తారు, ఫొటోలు దిగుతారు, తిరిగొచ్చాక అడిగితే మాత్రం "ఊరు బాగుంది గానీ నిద్ర లేదండీ" అంటారు. గది ఏదని అడిగితే గుర్తుండదు. ఫొటో చూసి ఫోనులో నాలుగు మీటలు నొక్కి బుక్ చేశామంటారు. నేనూ మా ఆవిడా పన్నెండేళ్లలో తొమ్మిదిసార్లు అక్కడి పాత ఇన్‌లలో దిగాం. మొదటి రెండుసార్లూ ఇదే పొరపాటు చేశాం కాబట్టి కోప్పడే హక్కు నాకుంది.

ఇక్కడ ఇన్ అంటే ఒకప్పుడు ఎవరో కాపురమున్న ఇల్లు. పది నుంచి పాతిక దాకా గదులుంటాయి, ఏ రెండూ ఒకలా ఉండవు. పొద్దున ఫలహారం, సాయంత్రం టీనో వైనో ఇంటివారే ఇస్తారు. ఇలాంటి ఇళ్లు అట్లాంటాలో ఎందుకు పెద్దగా లేవంటే, అమెరికా అంతర్యుద్ధంలో, 1864 నవంబరులో, ఉత్తరాది జనరల్ షెర్మన్ సైన్యం అట్లాంటాలో చాలా భాగాన్ని తగలబెట్టి సముద్రం వైపు నడిచింది. సవన్నా ఎదురు తిరగకుండా లొంగిపోయింది. డిసెంబరు 22న ఆ ఊరిని క్రిస్మస్ కానుకగా సమర్పిస్తున్నానని షెర్మన్ లింకన్‌కు తంతి పంపాడు. యుద్ధంలో బతికిన ఇళ్లను తర్వాత పార్కింగ్ స్థలాల కోసం కూలగొట్టడం మొదలుపెట్టారు. 1955లో ఏడుగురు మహిళలు పట్టుబట్టి డావెన్‌పోర్ట్ ఇంటిని కొని కాపాడారు. మనం దిగే గదులు మిగలడంలో వారి పుణ్యం చాలా ఉంది.

తేదీలు

ఆదివారం వెళ్లి మంగళవారం రండి. శుక్ర, శనివారాల్లో ధర ఎక్కువ, ఊరంతా పెళ్లికి ముందు స్నేహితురాళ్ల విందులతో గోలగా ఉంటుంది. మార్చి 17న ఐరిష్‌వారి సెయింట్ పాట్రిక్ పండుగ ఊరేగింపు. ఆ వారం అటువైపు చూడకండి. మార్చి చివర్లో అజేలియా పూలు బాగుంటాయి, వాటితోపాటే ఇసుక నుసుములు కూడా వస్తాయి. కంటికి ఆనవు, కుడితే మాత్రం మూడు రోజులు గోక్కుంటూ ఉండాలి. జులై, ఆగస్టుల్లో ఉక్క విజయవాడను మరిపిస్తుంది. నా లెక్కలో నవంబరు మొదటి రెండు వారాలకు మించిన సమయం లేదు.

ఇల్లు

జాబితా పెద్దదే కానీ దీని మీద ఎక్కువ బుర్ర పెట్టనక్కరలేదు. జోన్స్ వీధిలో 1847 నాటి ఎలైజా థాంప్సన్ హౌస్ ఉంది. రెండు భవంతులను పైనుంచి వంతెనలాంటి దారితో కలిపిన గ్యాస్టోనియన్ 1868 నాటిది. లఫయెట్ స్క్వేర్ ఎదుట 1873 నాటి హామిల్టన్-టర్నర్ ఇన్. కొలంబియా స్క్వేర్ దగ్గర కెహో హౌస్‌ను 1892లో ఇనుప పోత కర్మాగారం యజమాని కట్టుకున్నాడు. కర్రపని, రాతిపని అనుకునే అలంకారాల్లో చాలావరకు పోత ఇనుమే. మెట్ల కమ్మీని వేలి కణుపుతో తట్టండి, కంగుమంటుంది. వీటిలో ఏదైనా సరే, లేదా వీటికి దగ్గరలో ఇంకేదైనా సరే. ఊరి బయట ఒకప్పటి ప్లాంటేషన్ భవంతులకు మాత్రం మేం వెళ్లం. బానిసల కష్టంతో లేచిన తోటలో కొవ్వొత్తుల వెలుగులో భోంచేయడం మాకు మింగుడుపడదు. ఊళ్లోని ఇళ్లు మాత్రం ఆ పాపం అంటనివా అంటే, కాదు. ఆ మాట తర్వాత చెప్తాను.

గది: ఇక్కడే అందరూ బోల్తా పడతారు

ఇన్ ఎంత గొప్పదైనా మీరు పడుకునేది అందులో ఒక్క గదిలో. బుకింగ్ సైట్లలో "డీలక్స్ క్వీన్" అని ఉంటుంది. ఆ పేరు కింద ఆ ఇంట్లో నాలుగు గదులుండవచ్చు. ఒకటి తోటవైపు, ఒకటి రోడ్డువైపు, ఒకటి అటక కింద, ఒకటి వంటగది పక్కన. మీకు ఏది వస్తుందో ఆ సైటుకు తెలియదు, దానికి అక్కర కూడా లేదు. కాబట్టి ఫోన్ చేయండి. ఇది సలహా అనుకోకండి, నియమం. ఈ కాలంలో ఫోనెవరు చేస్తారని మా మరదలి కొడుకు నవ్వాడు. వాడి హనీమూన్‌లో మంచం కన్నా స్నానాల తొట్టి పెద్దదట.

చేసే వేళ కూడా ముఖ్యం. వారం మధ్యలో, పొద్దున పదిన్నర నుంచి పన్నెండు లోపు చేయండి. అప్పటికి ఫలహారాలు ముగుస్తాయి, కొత్తవారు ఇంకా దిగరు. ఇల్లు నడిపే మనిషి కాఫీ పెట్టుకుని తీరిగ్గా ఉంటారు. సాయంత్రం చేస్తే అయిదు నిమిషాల్లో వదిలించుకుంటారు. "మీ దగ్గర మంచి గది ఏది?" అని మాత్రం అడగకండి. ఖాళీగా ఉన్నదే మంచి గది అంటారు. కింది ప్రశ్నలు, ఇదే వరసలో అడగండి.

మొదటిది: "వీధిలో నుంచి గది తలుపు దాకా ఎన్ని మెట్లు?" ఏ అంతస్తు అని అడిగితే తేలదు. అమెరికాలో ఫస్ట్ ఫ్లోర్ అంటే నేలమట్టం. సవన్నాలో ఇంకో మెలిక ఉంది. పాత ఇళ్లలో హాలు ఉండే అసలు అంతస్తు వీధికి ఎత్తుగా ఉంటుంది, బయటి మెట్లెక్కి లోపలికి వెళ్లాలి. దాని కింద సగం భూమిలో ఉన్నట్టుండే భాగంలో ఒకప్పుడు వంటపని, చాకిరీ జరిగేవి. ఇప్పుడు దానికి "గార్డెన్ లెవెల్" అని అందమైన పేరు పెట్టి గదులుగా ఇస్తున్నారు. తోట ఉండవచ్చు, లేకపోవచ్చు. వెలుతురు మాత్రం తక్కువ, చెమ్మ ఎక్కువ.

మా పదో పెళ్లిరోజుకు నేను కుదిర్చింది అలాంటి గదే. పేరు బయటపెట్టను. ఫొటోలో పందిరిమంచం, పూల గోడకాగితం, ఎర్ర ఇటుక గోడ. వెళ్లి తెర తీస్తే కిటికీ సరిగ్గా కాలిబాట మట్టానికి ఉంది. వచ్చేపోయేవారి చీలమండలు తప్ప ఏమీ కనబడవు. గోడ అవతల వంటగది. తెల్లవారుజామున అయిదింటికి పెనాల చప్పుడు మొదలైంది. మా ఆవిడ దుప్పటి ముసుగులోంచే "పదేళ్లు కాపురం చేసినందుకు ఊళ్లోవాళ్ల చెప్పులన్నీ చూపించారు, సంతోషం" అంది. ఆ మాట ఇప్పటికీ చుట్టాల ముందు వినిపిస్తూనే ఉంటుంది.

రెండోది: "కిటికీలు ఎటు తెరుచుకుంటాయి?" వీధివైపు గది ఫొటోలో బాగుంటుంది. ఓక్ కొమ్మల నుంచి స్పానిష్ మాస్ జడల్లా వేలాడుతుంటుంది. అది స్పెయిన్‌దీ కాదు, నాచూ కాదు, మన అనాసపండు కుటుంబపు మొక్క. సరే, రాత్రి తొమ్మిది దాటాక ఆ కొమ్మల కిందకే దయ్యాల టూరు బండ్లు వచ్చి ఆగుతాయి. మీ కిటికీ కింద నిలబడి గైడు మైకులో మీ గదిలో ఎవరు చచ్చిపోయారో చెప్తాడు, జనం కేకలు వేస్తారు. గంటకు మళ్లీ ఇంకో బండి. అందుకని పెరటివైపు గదే అడగండి.

మూడోది: "పైన ఎవరైనా ఉంటారా?" నూట యాభై ఏళ్ల నాటి చెక్క నేల మీద ఒక మనిషి రాత్రి రెండింటికి మంచినీళ్లకు లేచినా కింది గదిలో తెలుస్తుంది. పై అంతస్తు గది అడిగితే ఈ బాధ లేదు, కానీ చాలా ఇళ్లలో లిఫ్టు ఉండదు. మోకాళ్లా, నిద్రా అన్నది మీరే తేల్చుకోవాలి. మేం మోకాళ్లనే బలిపెడతాం.

నాలుగోది మంచం. పాత గదుల్లో పాత మంచాలు. "ఫుల్" అంటే వెడల్పు 54 అంగుళాలే, "క్వీన్" 60, "కింగ్" 76. ఇంట్లో కింగ్ మీద చెరో కొసన పడుకునే అలవాటున్న జంటకు ఫుల్ మంచం మొదటి రాత్రి సరదా, రెండో రాత్రి జగడం. ఎత్తు కూడా అడగండి. కొన్నిటికి ఎక్కడానికి చిన్న పీట వేస్తారు. రాత్రి చీకట్లో ఆ పీట గుర్తుండదు.

అయిదోది స్నానాలగది. సింహపు కాళ్ల తొట్టి అనగానే అందరూ మురిసిపోతారు. అందులో నిలబడి గుండ్రటి తెర ఒంటికి అతుక్కుంటుంటే స్నానం చేయడం ఎంత చిరాకో చేసినవారికే తెలుస్తుంది. అంచు ఎత్తు, అడుగు జారుడు. "షవర్ విడిగా ఉందా?" అని తప్పకుండా అడగండి. గదిలో చలికాచుకునే పాలరాతి పొయ్యి చూసి ఎక్కువ డబ్బు ఇచ్చేముందు అది వెలుగుతుందో లేదో కూడా. సగం ఇళ్లలో అది అలంకారమే.

అంతా కుదిరాక గది పేరు లేదా నంబరు, మాట్లాడినవారి పేరు, రద్దు చేసుకునే గడువు ఈమెయిల్‌లో రాసి పంపమనండి. చిన్న ఇళ్లలో ఆ గడువు హోటళ్ల కన్నా చాలా ముందే ముగిసిపోతుంది. ఈమెయిల్ రానిదే కార్డు నంబరు చెప్పకండి.

తిండి సంగతి ముందే చెప్పండి

శాకాహారులమంటే సరిపోదు. "మాంసం, చేప, గుడ్డు" అని విడదీసి, "మాంసం ఉడికించిన నీళ్లు, పంది కొవ్వు కూడా వద్దు" అని కలపండి. అమెరికా దక్షిణాది వంటలో ఆకుకూరను పంది ఎముకతో ఉడికించడం మామూలు. బిస్కట్ల మీద పోసే తెల్లటి గ్రేవీలో సాసేజ్ ఉంటుంది. ఇక్కడ బిస్కట్ అంటే మెత్తటి రొట్టెముద్ద. గ్రిట్స్ మాత్రం మనవాళ్లకు బాగా నప్పుతాయి. మొక్కజొన్న రవ్వను జావ కన్నా గట్టిగా, ఉప్మా కన్నా పలచగా ఉడికిస్తారు. నీళ్లతోనో పాలతోనో చేయమనండి. నా జేబులో చిన్న సీసాతో కరివేపాకు పొడి ఉంటుంది. గ్రిట్స్, వెన్న, ఆ పొడి కలిపి ఒకసారి ఇంటావిడకు రుచి చూపించాను. సీసా తిరిగి రాలేదు.

పులిహోర దారిలో తినడానికి మాత్రమే. మేకన్ దాటాక ఎక్కడైనా ఆగి ముగించేయండి. కుక్కరూ, పచ్చడి జాడీలూ తీసుకెళ్లి గదిలో పోపు పెడితే పొగ హెచ్చరిక మోగి ఇంటిల్లిపాదీ రోడ్డు మీదకు వస్తారు. ఇంకో మాట, ఇద్దరికని బయలుదేరాక మరో మూడు జంటలను కలుపుకోకండి. అది పిక్నిక్ అవుతుంది.

సామాను

చక్రాల పెట్టె వద్దు, మెట్లున్నాయి. చేతిసంచి చాలు. రివర్ స్ట్రీట్‌కు దిగే దారులు ఎగుడుదిగుడు రాళ్లవి, ఎత్తు మడమల చెప్పులు ఇంట్లోనే వదలండి. గొడుగు మాత్రం మరవకండి.

అక్కడికి వెళ్లాక

కారు ఒకచోట పెట్టి రెండు రోజులు దాన్ని మరిచిపోండి. 1733లో ఊరిని స్థాపించిన ఓగ్లెథోర్ప్ దాన్ని స్క్వేర్లనే చతురస్రపు తోటల చుట్టూ గీశాడు. మొత్తం 24 తోటల్లో 22 మిగిలాయి. బుల్ స్ట్రీట్ పట్టుకుని జాన్సన్ స్క్వేర్ నుంచి వరసగా అయిదు తోటలు దాటితే ఫోర్సిత్ పార్కు, అందులో 1858 నాటి ఫౌంటెన్. నడిస్తే అరగంట, బల్లల మీద కూర్చుంటూ వెళ్తే ఒక పూట. ఆ పూటకు అదే కార్యక్రమం. జాబితా పట్టుకుని పరుగెత్తే జంటలు సాయంత్రానికి ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేస్తారు, చూశాను.

ఒక్కచోటికి మాత్రం మొదటి రోజే వెళ్లండి: ఓవెన్స్-థామస్ ఇల్లు. విలియం జే గీసిన ఆ భవంతి 1819లో పూర్తయింది. పెరట్లో గుర్రపుబండ్ల కొట్టం, అంటే క్యారేజ్ హౌస్, దాన్ని ఆనుకుని బానిసలుండే గదులు. ఆ గదుల లోపలి కప్పుకు దుష్టశక్తులు రాకుండా వారు వేసుకున్న నీలిరంగు ఇంకా కనబడుతుంది. అది చూశాక మీ ఇన్‌లో "క్యారేజ్ హౌస్ గది" అన్న పేరు చదివితే వేరేగా వినిపిస్తుంది. ఆ ఇల్లు 1865కు ముందుదైతే ఆ కొట్టంలో ఎవరుండేవారో ఇంటివారిని అడగండి. తడుముకోకుండా చెప్పే ఇంటికే మేం మళ్లీ వెళ్తాం.

సాయంత్రం హాల్లో వైన్ పెట్టే వేళకు, తాగకపోయినా దిగి రండి. ఆ రాత్రి భోజనానికి ఎక్కడ టేబుల్ దొరుకుతుందో ఫోన్ కన్నా ఇంటావిడకు బాగా తెలుసు. ఫలహారం ఒకే పెద్ద బల్ల దగ్గర పెడితే ఎదుటివారు మీ ఊరు, పిల్లలు, ఉద్యోగం అన్నీ అడుగుతారు. మనకు అది కొత్తేమీ కాదు. ఇబ్బంది అనుకుంటే ముందురోజే ఇద్దరికి విడి బల్ల అడగండి.

తిరుగు ప్రయాణం

గది సర్దేవారికి రోజుకు అయిదు డాలర్లకు తగ్గకుండా బల్ల మీద పెట్టండి. బయలుదేరే ముందు మిగతా గదుల తలుపులు తెరిచి ఉంటే, ఇంటివారిని అడిగి ఒకసారి తొంగిచూసి నచ్చినదాని పేరు రాసుకోండి. వచ్చే ఏడాది ఫోన్‌లో పది ప్రశ్నలు తప్పుతాయి.

మే నెలలో వెళ్లినవారైతే ఐ-16 హైవే మీద నుంచి కాస్త పక్కకు దిగి ఒక సంచి విడేలియా ఉల్లిపాయలు తెచ్చుకోండి. ఆ నేలలో గంధకం తక్కువ కాబట్టి కోస్తే కన్నీళ్లు అంతగా రావు, కొరికితే తియ్యగా ఉంటాయి. పులుసులో మాత్రం వేయకండి, పాయసమైపోతుంది. పెరుగన్నంలో పచ్చిగా నంజుకోండి.