ఇంటి సెప్టిక్ ట్యాంకు - 5వ పాఠం: నీటిమట్టం

ఈసారి నీటిమట్టం, అంటే నేలలో నీళ్ళుండే లోతు గురించి చెప్పాలి. కానీ పోయిన పాఠం చదివి, మట్టి నీళ్ళను ఎంత వేగంగా ఇంకించుకుంటుందో చూడటానికి మీరు తవ్విన గుంతల లెక్కలు చూశాక, ముందు వాటి సంగతి తేల్చక తప్పదు.

నల్లరేగడిలో అంగుళం నీరు రెండు నిమిషాల్లో ఇంకిందట ఒకరికి. మే నెలలో తవ్వారు మరి! ఎండకు నేల నెర్రెలు విచ్చి ఉంటుంది. పోసిన నీళ్ళు మట్టిలోకి ఇంకలేదు, నెర్రెల్లోకి జారిపోయాయి. వానలు పడి రేగడి ఉబ్బితే నెర్రెలు మూసుకుపోతాయి. అప్పుడు అదే గుంతలో నీళ్ళు గంటలకొద్దీ కదలవు. కొలిచే ముందు గుంతను రాత్రంతా నానబెట్టమన్నది అందుకే. సెప్టిక్ ట్యాంకులకున్న భారత ప్రమాణం ఐఎస్ 2470 ఒక రాత్రి చాలంటుంది. రేగడైతే నేను రెండు రాత్రులు నానబెడతాను.

లెక్క తప్పినవాళ్ళ కోసం ఇంకోసారి. నానిన గుంతలో అడుగున పరిచిన కంకర మీద 15 సెంటీమీటర్లు నీళ్ళు పోయండి. 30 నిమిషాల్లో 18 మిల్లీమీటర్లు తగ్గితే, 25 మిల్లీమీటర్లకు పట్టేది 30×25÷18, అంటే దాదాపు 42 నిమిషాలు. 30 లోపైతే ట్యాంకు నుంచి వచ్చే మురుగునీటికి ఇంకుడు గుంత పనికొస్తుంది. 30 దాటి 60 లోపైతే గుంత వద్దు, కందకాలు తవ్వాలి. 60 దాటితే ఆ మట్టిని నమ్ముకోవద్దు. ఇసుక నేలకు పద్ధతి వేరు, పది నిమిషాలకోసారి చూడాలి.

ఇక నీళ్ళు. "మా బోరు 400 అడుగులండీ, కింద నీళ్ళెక్కడున్నాయి?" ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. 400 అడుగులన్నది బోరు వేసిన లోతు, నీటిమట్టం కాదు. తెలంగాణలో, రాయలసీమలో చాలాచోట్ల మొరం కింద గ్రానైటు రాయి ఉంటుంది. బోరు ఆ రాతి పగుళ్ళ దాకా దిగుతుంది. పైన మొరంలో వానాకాలం చేరే నీళ్ళు వేరే. మీ ఇంకుడు గుంత మురుగు ముందు తగిలేది వాటికే. వాటిని చూపేది చేదబావి. బావి లేకపోతే పరీక్షకు తవ్విన గుంత గోడ చూడండి. ఎర్రమట్టిలో బూడిదరంగు మచ్చలు, తుప్పు చారలు ఉంటే అక్కడిదాకా ఏటా నీళ్ళు నిలుస్తున్నట్టే.

మేస్త్రీలు ఇంకో సలహా ఇస్తారు: నీళ్ళు పడేదాకా వరలు దించితే గుంత ఎప్పటికీ నిండదని. నిజమే, నిండదు. పక్కింటి బావిలోకి పోతుంటే ఎందుకు నిండుతుంది? గుంత అడుక్కీ నీటికీ మధ్య 2 మీటర్ల మట్టి లేనిదే నేను వర దించనివ్వను. తాగే బావికి 18 మీటర్ల దూరం ఎలాగూ ఉండాలి. కోనసీమలో లాగా నీళ్ళు 6 అడుగుల లోపే ఉంటే కిందికి తవ్వే ఆలోచనే మానండి. నేలమీద మట్టిదిబ్బ పోసి అందులో కందకం పెట్టాలి.

అభ్యాసం: దగ్గర్లోని చేదబావిలో తాడుకు రాయి కట్టి, నేల నుంచి నీటిదాకా లోతు కొలవండి. మోటారు ఆపి, రాత్రి గడిచాక తెల్లవారుజామున. ఆషాఢం నుంచి కార్తీకం దాకా పదిహేను రోజులకోసారి. మీ లెక్కకు అన్నిటికన్నా పైకొచ్చిన మట్టమే తీసుకోండి, సగటు కాదు. ట్యాంకు కొలతల పాఠం కార్తీకం తర్వాతే.